అమ్మ బొత్తాం అమ్మనే పెట్టుకోనివ్వండి

పక్షవాతం వచ్చిన తల్లినో తండ్రినో ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్నాక నెలల తరబడి సాగే పని ఒకటుంది. ఆ పనిలో మనం ఎక్కడ ఆసరా అవుతున్నాం, ఎక్కడ అడ్డుపడుతున్నాం?

డిశ్చార్జి కాగితాల్లో అన్నీ ఉంటాయి. చేరిన తేదీ, ఎమ్మారై రిపోర్టు, సోడియం పొటాషియం అంకెలు, పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేయాల్సిన మాత్రలు, మళ్లీ ఎప్పుడు ఏ ఓపీకి రావాలో కూడా. కుడి కాలూ కుడి చెయ్యీ పడిపోయిన మనిషిని మంచం మీంచి కుర్చీలోకి ఎలా మార్చాలో మాత్రం ఉండదు. బిల్లు కట్టి, ఇన్సూరెన్సు వాళ్ల అప్రూవల్ కోసం సాయంత్రం దాకా కాచుకుని, చివరికి వార్డు బాయ్ స్ట్రెచర్ తెచ్చి కారు పక్కన ఆపినప్పుడుగానీ ఆ సంగతి బుర్రకెక్కదు. అక్కడ నలుగురు కలిసి చేసిన పని ఇంట్లో ఇద్దరు చేయాలి. ఆ ఇద్దరిలో ఒకరికి నడుం నొప్పి.

మా అమ్మను గుంటూరు నుంచి తెనాలి తెచ్చుకున్నప్పుడు మా పరిస్థితి అదే. మెదడు ఎడమవైపు రక్తనాళం ఒకటి మూసుకుపోయింది. కుడివైపు ఒళ్లు స్వాధీనం తప్పింది, దానితోపాటు మాటా పోయింది. ఇది మా ఒక్క ఇంటి గొడవే అయితే ఇలా రాయనక్కర్లేదు. ఏ ఊళ్లోనైనా నాలుగు వీధులు తిరిగితే, ముందు గదిలో కిటికీ పక్కన వేసిన ఇనుప మంచం, దాని మీద గాలి పరుపు, గోడకు ఆనించిన వాకరు కనిపించే ఇల్లు ఒకటైనా తగులుతుంది. లోపల కొడుకో కూతురో కోడలో, ఎవరూ నేర్పని పనిని తడుముకుంటూ చేస్తుంటారు.

మన ఇళ్లలో పెద్దవాళ్లకు చేయడమంటే చేసిపెట్టడమే. అన్నం కలిపి ముద్దలు పెట్టడం, నీళ్లు పట్టివ్వడం, చీర కట్టడం, కాళ్లు పట్టడం. ‘మీరేం కదలకండి, మేమున్నాం కదా’ అనడం. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషికి ఈ చివరి మాటే పెద్ద అడ్డంకి అవుతుందని మాకు ఓ కుర్ర ఫిజియో చెప్పాడు. అమ్మ తన నైటీ బొత్తాం తనే పెట్టుకోవడానికి ఇరవై నిమిషాలు పడితే ఆ ఇరవై నిమిషాలూ చేతులు కట్టుకు కూర్చోమన్నాడు. అక్క మూడో నిమిషానికే లేచి బొత్తాం పెట్టేసింది. ‘ఇప్పుడు ఆమె వ్యాయామం మీరు చేశారమ్మా’ అన్నాడతను. అక్కకు చాలా కోపం వచ్చింది.

వార్డులో

ఐసీయూ దశలో ఇంటివాళ్లకు చేయగలిగింది ఏమీ లేదనుకుంటాం. చెప్పులు బయట విడిచి, పచ్చ గౌను తొడుక్కుని, పూటకు పది నిమిషాలు చూసి రావడమే అనుకుంటాం. మిగతా కాలమంతా కారిడార్ బతుకు. ఫోను ఛార్జింగ్ పెట్టుకునే ప్లగ్గు కోసం పోటీ, క్యారియరు ఎవరు తెస్తారన్న చర్చ, లిఫ్టు దగ్గర దొరికిన డ్యూటీ డాక్టరును పట్టుకుని అడిగిన ప్రశ్నే మళ్లీ అడగడం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అయితే చెట్టు కింద చాపే గది. రోగికి ఆసుపత్రి పాలూ రొట్టే వస్తాయి, వెంట వచ్చినవాళ్ల ఆకలి సంగతి చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 2022లో హైదరాబాద్‌లోని పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో సహాయకులకు ఐదు రూపాయల భోజనం మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో మళ్లీ తెరిచిన అన్న క్యాంటీన్ల ముందు కూడా క్యూలో చేతికి ఆసుపత్రి పాసు పట్టుకున్నవాళ్లు కనిపిస్తారు.

కానీ రోగిని చూసొచ్చే ఆ పది నిమిషాలతో చేయగలిగింది చాలానే ఉంది. మా అమ్మ పక్క మంచం మీద ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన పెద్దాయన ఉండేవారు. తుంటి ఎముక విరిగి ఆపరేషనైంది. మూడో రాత్రి లేచి, చిల్లర లెక్క తేలడం లేదని, డిపోకు ఫోన్ చేయమని సిస్టర్ల మీద కేకలు. సెలైన్ సూది పీకేసుకున్నారు. ‘నాన్నకు మతి పోయింది’ అని కూతురు గోడకు తల ఆనించి ఏడ్చింది. మతి పోలేదు. దీన్ని డాక్టర్లు డెలీరియం అంటారు. పెద్ద వయసు, ఆపరేషను, ఇన్ఫెక్షను, కొత్త మందులు, రాత్రీపగలూ ఒకేలా వెలిగే లైట్లు, నిద్రలేమి కలిసి మనిషిని కాలం, చోటు తెలియని స్థితిలోకి నెడతాయి. చాలామందిలో కొద్ది రోజుల్లోనో వారాల్లోనో తగ్గిపోతుంది. అరిచి గోల చేసేవాళ్లనైతే అందరూ గమనిస్తారు. ఇదే స్థితిలో ఉండి, కళ్లు మూసుకుని ముడుచుకు పడుకునేవాళ్లను ‘పాపం, హాయిగా నిద్రపోతున్నారు’ అని వదిలేస్తారు.

అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం డాక్టర్లు డెబ్బై దాటిన 852 మంది రోగులతో చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. వాళ్లు కొత్త మందేమీ ఇవ్వలేదు. కళ్లద్దాలు పెట్టారు, వినికిడి యంత్రం తగిలించారు, ఈరోజు ఏ వారమో చెప్పారు, దాహం వేయకుండా చూశారు, రాత్రి చప్పుళ్లు తగ్గించారు, వీలైనంత త్వరగా నడిపించారు. మామూలు వార్డుల్లో వంద మందిలో పదిహేను మందికి వచ్చిన డెలీరియం ఇక్కడ పది మందికే వచ్చింది. మనవాళ్లు ఆసుపత్రిలో చేర్చగానే చేసే మొదటి పని ఏమిటో గుర్తుందా? కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, చెవి మిషను, వాచీ అన్నీ పోతాయేమోనని ఓ సంచిలో మూటగట్టి ఇంటికి పంపేయడం. వార్డులోకి మారగానే ఆ సంచిని వెనక్కి తెప్పించండి.

పనిచేయని చేతికి పని

మంచం మీద పడుకోవడం విశ్రాంతి అని మన నమ్మకం. 2007లో వచ్చిన ఓ పరిశోధనలో ఏ జబ్బూ లేని పెద్దవాళ్లను పది రోజులు మంచం దిగకుండా ఉంచి చూశారు. పది రోజుల్లో వాళ్ల కాళ్లలో దాదాపు కిలో కండ కరిగిపోయింది. జబ్బు లేనివాళ్లకే ఇలా అయితే జ్వరం, ఇన్ఫెక్షను, సరిగా ఎక్కని తిండి తోడైనవాళ్ల సంగతి ఊహించుకోవచ్చు.

అలాగని మొదటి రోజే లేపి నడిపించేయమని కాదు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే ఎక్కువెక్కువగా లేపి కదిలించడం వల్ల మేలు కంటే కీడే జరిగిందని 2015లో వచ్చిన అవెర్ట్ అనే పెద్ద అధ్యయనం తేల్చింది. ఎప్పుడు, ఎంత అన్నది డాక్టరు చెప్పాలి. చెప్పాక మాత్రం ఇంటివాళ్ల ప్రేమ అడ్డు రాకూడదు.

ఇందులో నన్ను బాగా ఆలోచింపజేసింది ఎడ్వర్డ్ టాబ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త పని. పక్షవాతం వచ్చిన చేతితో తొలిరోజుల్లో ఏం చేయబోయినా విఫలమవుతుంది. రెండో చేత్తో చేస్తే పని అయిపోతుంది. అలా కొన్ని వారాలు గడిచేసరికి, ఈలోగా ఆ చేతికి కాస్త శక్తి తిరిగొచ్చినా, దాన్ని వాడకూడదన్న అలవాటు మెదడులో స్థిరపడిపోతుంది. చెయ్యి ఉంది, కదులుతుంది కూడా, కానీ మనిషి దాన్ని మరిచిపోయాడు. దీనికి టాబ్ కనిపెట్టిన చికిత్స కొంచెం మొరటుగా ఉంటుంది. బాగున్న చేతికి తొడుగు వేసి కట్టేస్తారు. మెలకువగా ఉన్న సమయంలో తొంభై శాతం అలా ఉంచి, రెండు వారాల పాటు బలహీనమైన చేతితోనే అన్నీ చేయిస్తారు. 222 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2006లో వచ్చాయి. మామూలు పద్ధతిలో ఉన్నవాళ్లకంటే వీళ్ల చేతులు బాగా మెరుగయ్యాయి. మణికట్టు, వేళ్లు ఎంతో కొంత కదిలేవాళ్లకే ఇది పనికొస్తుంది, అదీ నిపుణుల ఆధ్వర్యంలోనే. ఇంట్లో ఎవరికి వాళ్లు కట్లు కట్టేయొద్దు.

కానీ టాబ్ చెప్పిన మరుపును ఇంట్లో మనమే పెంచి పోషిస్తాం. బాగున్న చెయ్యి అమ్మకు ఒకటుంది. దానికి తోడు అక్కవి రెండు, ఆయావి రెండు, నావి రెండు. ఇన్ని చేతుల మధ్య ఆ కుడి చెయ్యి తనంతట తాను లేవాల్సిన అవసరం ఎందుకొస్తుంది?

అందుకని మా ఇంట్లో కొన్ని మార్పులు జరిగాయి. టీవీ రిమోటు కుడిపక్కకు చేరింది. మంచినీళ్ల గ్లాసు, సగమే నింపి, కుడిచేతి అందేంత దూరంలో పెట్టాం. చపాతీ పిండి ముద్ద ఇచ్చి పిసకమన్నాం. చిక్కుడుకాయలు ముందు పోస్తే ఎడం చేత్తో పట్టుకుని కుడి చేత్తో ఈనె తీయడానికి ఓ సాయంత్రమంతా పెనుగులాడింది. ఆ పూట కూర ఆలస్యమైంది. వచ్చిన బంధువు ఒకావిడ ‘మంచంలో ఉన్న మనిషి చేత పని చేయిస్తున్నారా, ఎంత చోద్యం!’ అని మూతి తిప్పుకుని వెళ్లింది. ఆవిడకు సమాధానం చెప్పడం పిండి పిసకడం కంటే కష్టం.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి. వాటిని కూడా డిశ్చార్జి నాడు ఎవరూ చెప్పరు. పడిపోయిన చేతిని పట్టుకుని మనిషిని పైకి లాగకూడదు. కండరాల పట్టు లేని భుజం కీలు జారిపోతుంది, ఆ నొప్పితో తర్వాత వ్యాయామమే ఆగిపోతుంది. నడుముకు గుడ్డ బెల్టు కట్టి దాన్ని పట్టుకుని లేపాలి. సొంతంగా ఒత్తిగిలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి. గాలి పరుపు వేశాం కదా అని నిశ్చింతగా ఉంటే పిరుదుల దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతాయి. ఎర్రగా కందిన చోటును రుద్దకూడదు. మాత్రలు, ముఖ్యంగా బీపీవీ రక్తం పలచబరిచేవీ, బాగానే ఉందని ఆపకూడదు. ఇక పావురం నెత్తురు పూస్తే చెయ్యి లేస్తుందన్న వైద్యాలు మన జిల్లాల్లో ఇంకా నడుస్తూనే ఉన్నాయి. రక్తనాళంలో గడ్డను కరిగించే ఇంజెక్షన్ పక్షవాతం వచ్చిన నాలుగున్నర గంటల్లోపు పడాలి. ఆ గంటలు ఇలాంటి చోట్ల కరిగిపోయినవాళ్లు ఎందరో.

ముద్ద

తెలుగువాళ్ల ప్రేమకు నోటి దగ్గరే మొదటి పరీక్ష ఎదురవుతుంది. పక్షవాతంలో గొంతు కండరాలు కూడా దెబ్బతినొచ్చు. అప్పుడు మింగినట్టే కనిపిస్తుంది, కానీ ఆహారం ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. న్యుమోనియా వస్తుంది. అందుకే మింగగలరో లేదో పరీక్షించేదాకా నోటితో ఏదీ ఇవ్వొద్దంటారు. ముక్కులోంచి గొట్టం వేస్తారు.

వార్డులో ఓ ఇల్లాలు సిస్టరు చూడకుండా మామగారి నోట్లో కొబ్బరినీళ్లు పోయడం నేను చూశాను. ఆవిడను తప్పుపట్టలేను. మూడు రోజులుగా నోట్లో చుక్క పడని మనిషిని చూస్తూ ఎలా ఊరుకుంటుంది? కానీ మింగడం కష్టమైనవాళ్లకు పలచటి నీళ్లే ఎక్కువ ప్రమాదం. మజ్జిగకంటే చిక్కటి జావ, మెత్తగా మెదిపిన పెరుగన్నం తేలిగ్గా దిగుతాయి. పూర్తిగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న చెంచాతో, ముందుది మింగాక రెండోది. తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు. గొట్టంలో పోసేటప్పుడు కూడా తలవైపు ఎత్తుగా ఉండాల్సిందే. తినేటప్పుడు దగ్గు వస్తే, గొంతు తడిగా గురగురమంటే ఆపేసి డాక్టరుకు చెప్పాలి. టీవీ సీరియల్ పెట్టి తినిపించడం పిల్లలకే మంచిది కాదు, వీళ్లకు అసలే కాదు.

గొట్టం తీసేశాక అమ్మ మొదట అడిగింది గోంగూర. అడిగింది అంటే వంటింటివైపు చూపించి, మొహం పులుపు తిన్నట్టు పెట్టింది.

అమ్మ ‘బస్సు’ అంటే మంచినీళ్లు

మాట పోవడమంటే ఏమిటో అనుభవంలోకి వస్తేగానీ తెలియదు. అమ్మ మంచినీళ్లు కావాలనుకుని ‘బస్సు’ అనేది. అది తప్పని ఆమెకు వెంటనే తెలిసేది. మళ్లీ ప్రయత్నించేది. మళ్లీ ‘బస్సు’ వచ్చేది. తలకొట్టుకునేది. దీన్ని అఫేసియా అంటారు. తెలివికీ దీనికీ సంబంధం లేదు. ఇంట్లో సామానంతా ఎక్కడిదక్కడే భద్రంగా ఉంది, తాళంచెవే కనపడటం లేదు.

ఇది అర్థంకాక మనం రెండు పనులు చేస్తాం. ఒకటి, చెవుడు వచ్చినట్టు గట్టిగా అరిచి మాట్లాడతాం. రెండోది, చంటిపిల్లతో మాట్లాడినట్టు ముద్దుముద్దుగా మాట్లాడతాం. ముప్పై ఏళ్లు స్కూల్లో లెక్కలు చెప్పిన అమ్మను పట్టుకుని ‘బువ్వ తింటావా’ అన్నప్పుడు చెంచా విసిరికొట్టిందంటే అది జబ్బు లక్షణం కాదు.

స్పీచ్ థెరపిస్టు నేర్పినవి చాలా మామూలువి. ఒకరే మాట్లాడాలి, టీవీ కట్టేయాలి. ‘ఏం కావాలి’ అని అడగకుండా ‘కాఫీ కావాలా’ అని అవునో కాదో తేలేలా అడగాలి. వాక్యం సగంలో ఆగితే మనం పూరించకూడదు, కాచుకోవాలి. మళ్లీ ఆ చేతులు కట్టుకు కూర్చోవడమే. దీన్ని మించి అమ్మ విషయంలో మమ్మల్ని దిగ్భ్రమకు గురిచేసింది ఏమిటంటే, నీళ్లు అనలేని మనిషి ఒకటి నుంచి ఇరవై దాకా అంకెలు గడగడా చెప్పింది. వారాల పేర్లు చెప్పింది. ఓ పొద్దున ఆయా పాడుకుంటున్న దేవుడి పాటలో అమ్మ గొంతు కలిసింది, మాటలతో సహా. పక్కింటి వాళ్లు మహిమ అన్నారు. వాడుకలో అరిగిపోయిన మాటలూ, రాగంతో అల్లుకున్న మాటలూ మెదడులో వేరే దారుల సాయంతో బయటికొస్తాయి. దీని ఆధారంగానే 1973లో అమెరికాలోని బోస్టన్ వైద్యులు రాగం తీస్తూ మాట నేర్పే చికిత్సను ప్రతిపాదించారు. మేం మా పద్ధతిలో ‘మంచినీళ్లూ’ అని సాగదీసి పాడించాం. చూసేవాళ్లకు మా ఇల్లంతటికీ ఏదో అయిందనిపించి ఉంటుంది.

పరామర్శ

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో రోగుల సేవ మీద రాసిన చిన్న పుస్తకంలో ఒక అధ్యాయాన్ని పూర్తిగా చూడవచ్చినవాళ్ల వాగుడుకే కేటాయించింది. రోగి స్థితి ఏమీ తెలియకుండా ‘త్వరలో బాగైపోతావు’ అనే ఉత్త ధైర్యాలూ, అడగని సలహాలూ మనిషిని ఎంత అలసిపోయేలా చేస్తాయో విసుగుతో రాసింది. గది బయట నిలబడి గుసగుసలాడటాన్ని అంతకంటే గట్టిగా తిట్టింది. ఆవిడ ఎన్నడూ తెనాలి రాలేదు గానీ మా ముందు గదిని చూసినట్టే రాసింది.

యాపిల్ కాయల సంచి, హార్లిక్స్ సీసా, మంచం చుట్టూ కుర్చీలు. ‘మా తోడికోడలికి ఇలాగే వచ్చింది, ఆరు నెలలకే పోయింది, పాపం’ అని రోగి ముందే. ‘వదినగారూ, నన్ను గుర్తుపట్టారా? నేనెవరో చెప్పండి చూద్దాం’ అని మాట రాని మనిషికి ప్రశ్నపత్రం. అలా గడిచిన మూడు గంటల్లో అమ్మ వ్యాయామం పోయింది, నిద్ర పోయింది, మూత్రానికి వెళ్లాలని చెప్పలేక మొహం ఎర్రబడింది.

వచ్చేవాళ్లను రావొద్దనే ఇల్లు మనది కాదు, అనకూడదు కూడా. ఒంటరితనం అంతకంటే చెడ్డది. మేం చేసిందల్లా వచ్చినవాళ్లకు పని అప్పగించడం. ఒకాయన రోజూ అరగంట పేపరు చదివి వినిపించే బాధ్యత తీసుకున్నాడు. చీటీలు నడిపే పిన్ని ఒకావిడ అమ్మతో పేకాడేది. జోకరు కోసం కుడి చెయ్యి ఎంత దూరం సాగిందో ఫిజియో నమ్మలేదు.

ఎవరి నడుం మీద?

ఇక్కడ కొంచెం ఇబ్బందికరమైన సంగతి. సంతకాలు పెట్టేది కొడుకులు. డాక్టరు ముందు కూర్చుని స్కాను రిపోర్టు గురించి ఇంగ్లిషులో మాట్లాడేదీ కొడుకులే. మలమూత్రాలు ఎత్తేది, దుప్పట్లు ఉతికేది, రాత్రి రెండింటికి పక్కకు తిప్పేది ఎక్కువ ఇళ్లలో కూతురు, కోడలు, నెల జీతానికి వచ్చిన ఆయా. ఆ ఆయా తన ఇంట్లో ముసలి తల్లిని ఎవరికి అప్పగించి వచ్చిందో మనం అడగం. మా అన్నయ్య డల్లాస్‌లో ఉంటాడు. వాడికి చేతనైంది వాడు చేశాడు: డబ్బు పంపాడు, గదిలో కెమెరా పెట్టించాడు, వాట్సాప్ గ్రూపు పెట్టి రోజూ బీపీ అంకెలు అడిగాడు. కెమెరా వచ్చిన వారానికి అమ్మ ఎడం చేత్తో తువ్వాలు దాని మీదికి విసిరింది. గురి బాగా కుదిరింది. అన్నయ్యకు రెండు రోజులు కోపం. గది ఆమెది, ఒళ్లు ఆమెది అని వాడికి నచ్చచెప్పడానికి నాకు నేనే నచ్చచెప్పుకోవాల్సి వచ్చింది.

సిగ్గు అన్నది ఈ జబ్బులో ఎవరూ రాయని లక్షణం. అమ్మ నీళ్లు తాగడం తగ్గించేసింది. మింగలేక అనుకున్నాం. మూత్రానికి మాటిమాటికీ ఎవరినో పిలవాలన్న బిడియంతో మానేసిందని ఆయా కనిపెట్టింది. దాంతోనే మూత్రంలో ఇన్ఫెక్షను వచ్చింది. మంచం పక్కనే కమోడ్ కుర్చీ వేసి, చుట్టూ పాత చీరతో తెర కట్టాక నీళ్లు తాగడం మొదలుపెట్టింది. ఆ చీర ఖరీదైన ఏ యంత్రంకన్నా బాగా పనిచేసింది.

పక్షవాతం వచ్చిన ప్రతి ముగ్గురిలో ఒకరికి కుంగుబాటు వస్తుంది. వ్యాయామం మానేయడం, తిండి వద్దనడం, మనుషుల్ని చూడగానే గోడవైపు తిరగడం మొండితనం కింద జమకడతాం. దానికి మందులున్నాయి, అడగాలి. చూసుకునేవాళ్లు కూడా నలిగిపోతారు. ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడొచ్చు. పెద్దవాళ్లకు సంబంధించిన సాయానికి 14567.

డబ్బు సంగతికి వస్తే, ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పటి నుంచీ రెండు తెలుగు రాష్ట్రాల్లో ఎన్నో ప్రాణాలు నిలిపింది. తెలంగాణలో 2023 డిసెంబరులో పరిమితి పది లక్షలైంది. డెబ్బై దాటిన ఎవరికైనా, ఆదాయంతో పని లేకుండా, ఏడాదికి కుటుంబానికి ఐదు లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరు నుంచి వచ్చింది. ఇవన్నీ ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకు. ఆయుష్మాన్‌లో డిశ్చార్జి తర్వాత 15 రోజుల ఖర్చు దాకా కలుస్తుంది. పక్షవాతంలో మెదడు వేగంగా కోలుకునేది మొదటి మూడు నెలలు, ఆ తర్వాత ఆరు నెలల దాకా ఓ మోస్తరుగా, ఆపైన నెమ్మదిగా. పదహారో రోజు నుంచి ఫిజియో, ఆయా, డైపర్లు, ఆటో అన్నీ మన జేబులోంచే. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆరోగ్య ఆసరా పేరుతో, చికిత్స తర్వాత పనికి పోలేని రోగికి రోజుకు 225 రూపాయల చొప్పున నెలకు ఐదు వేల దాకా ఇవ్వడం మొదలుపెట్టింది. కోలుకునే కాలానికి కూడా ఖర్చుంటుందని ఒక ప్రభుత్వం గుర్తించడం చిన్న విషయం కాదు. సెలవుల విషయంలో అదీ లేదు. కేంద్ర ప్రభుత్వంలో మహిళా ఉద్యోగులకు పిల్లల సంరక్షణకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవుంది. తల్లిదండ్రుల కోసం ప్రత్యేకంగా అలాంటిదేమీ లేదు, ఉన్న సెలవుల్లోంచే వాడుకోవాలి. ప్రైవేటు ఉద్యోగి అయితే మేనేజరు మంచితనం మీద ఆధారపడాలి.

ఇంత ఖర్చు బదులు వ్యాయామాలు ఇంటివాళ్లకే నేర్పేస్తే సరిపోతుంది కదా, అన్న వాదన ఒకటుంది. దాన్ని మన దేశంలోనే పరీక్షించారు. 14 ఆసుపత్రుల్లో 1250 మంది రోగులతో అటెండ్ అనే అధ్యయనం జరిగింది. సగం మంది కుటుంబాలకు వ్యాయామాలు చేయించడం నేర్పి ఇంటికి పంపారు. 2017లో వచ్చిన ఫలితం నిరాశపరిచింది: ఆరు నెలలకు చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడ్డవారు కలిపి రెండు గుంపుల్లోనూ 47 శాతమే. నేర్పడం వృథా అని నేను దీన్ని చదువుకోలేదు. శిక్షణ పొందిన ఫిజియో చేయాల్సిన పనిని కొన్ని గంటల్లో కూతురి చేతికి అప్పగించి, ఖర్చు తప్పించుకోలేమని చదువుకున్నాను. మండల కేంద్రంలో ఓ ఫిజియో, జిల్లాకు కొందరు స్పీచ్ థెరపిస్టులు ఉండటం విలాసమేమీ కాదు.

ఇలాంటి సదుపాయం దగ్గర్లో లేకే వెల్లూరు రైలెక్కేవాళ్లు మనలో ఉన్నారు. అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆసుపత్రిలో పునరావాస వైద్యానికి పునాది వేసిన మేరీ వర్గీస్ స్వయంగా డాక్టరు. 1954లో కారు ప్రమాదంలో నడుం కింది భాగం చచ్చుబడింది. చక్రాల కుర్చీలోనే కూర్చుని కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. విదేశాల్లో పునరావాస వైద్యం చదువుకొచ్చి, 1966లో వెల్లూరులో దానికోసం ప్రత్యేకంగా సంస్థ నెలకొల్పారు. ప్రమాదం తర్వాత ఆవిడ తనవాళ్లు ‘నువ్వేం కదలకు, మేమున్నాం’ అనగానే ఒప్పుకుని ఉంటే ఆ సంస్థ ఉండేదే కాదు.

పోపు ఎవరు పెట్టాలి

అమ్మ ఇప్పుడు నాలుగు కాళ్ల చేతికర్రతో ఇంట్లో నడుస్తుంది. రెండు మూడు మాటల వాక్యాలు మాట్లాడుతుంది, కోపం వస్తే నాలుగు. కుడి చెయ్యి గ్లాసు పట్టుకుంటుంది, సూదిలో దారం ఎక్కించదు. ఎక్కించకపోవచ్చు. మొదటిలాగా అవుతుందా అని అడిగేవాళ్లకు డాక్టరు ‘మొదటిలాగా’ అన్న మాటను పక్కన పెట్టమంటాడు.

ప్రస్తుతం ఇంట్లో నడుస్తున్న గొడవ స్టవ్ గురించి. పప్పులో పోపు తనే పెడతానంటుంది. అక్క ససేమిరా అంది, గ్యాస్ రెగ్యులేటర్ తిప్పేసి బయటికెళ్తోంది. అన్నయ్య డల్లాస్ నుంచి ఇండక్షన్ స్టవ్ ఆర్డర్ చేశాడు. అమ్మ దాన్ని పెట్టెలోంచి తీయనివ్వలేదు. ఫిజియో అబ్బాయిని అడిగితే, పక్కన ఒకరు నిలబడితే గరిటె తిప్పడం మంచి వ్యాయామమేనన్నాడు. వదిన వీడియో కాల్‌లో, చీర కొంగు అంటుకుంటే ఎవరు జవాబుదారీ అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే.

మొదటిసారి ఆవాలు మాడాయి. రెండోసారి ఎండుమిరపకాయ ఘాటుకు ఇల్లంతా దగ్గింది. చివరికి ఓ ఒప్పందం కుదిరింది: అమ్మ నైటీలో, కుర్చీలో కూర్చుని, పోపు మాత్రమే. స్టవ్ వెలిగించేదీ ఆర్పేదీ ఇంకొకరు. ఈ రెండో షరతుకు అమ్మ ఇంకా ఒప్పుకోలేదు.